టిన్యానెల్లో వైన్ పుల్లగా, వగరుగా, చెక్క వాసనగా ఉంది: బాటిల్ చెడిపోయిందా? రెండోది ఎప్పుడు తెరవాలి?

మీరు రాసినదాన్ని ఒకసారి కుదించి చెబుతాను, మిగతావాళ్లకు కూడా తెలుస్తుంది. ఇటలీ వెళ్లొచ్చిన బంధువు మీకు టిన్యానెల్లో అనే రెడ్ వైన్ (ఇటలీలోని టస్కనీ ప్రాంతానిది), 2019 పంటది, రెండు బాటిళ్లు ఇచ్చారు. ఒకటి ఫ్రిజ్‌లోంచి తీసి, కార్క్ లాగి, వెంటనే గ్లాసుల్లో పోసుకున్నారు. పక్కన తినడానికేమీ లేదు. వెనీలా, చెక్క వాసన వచ్చింది, నోట్లో పుల్లగా, వగరుగా తగిలింది. ఎసెన్స్ ఏమైనా కలిపారా, బాటిల్ చెడిపోయిందా అని మీ అనుమానం. పైగా వంద యూరోలు దాటిన వైన్ మీద కియాంటి క్లాసికో (టస్కనీలో పేరున్న వైన్ ప్రాంతం, దాని హోదా) అని కూడా లేదు, ఉత్తి 'తోస్కానా ఐజీటీ' (టస్కనీ వైన్ అని మాత్రమే చెప్పే తరగతి) అని ఉంది, అంటే తక్కువ రకమా అని అడిగారు. మిగిలిన బాటిల్ ఏం చేయాలన్నది చివరి ప్రశ్న.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. బాటిల్ చెడిపోలేదు. ఎసెన్స్ కలపలేదు, ఆ వాసన ఓక్ పీపాల నుంచి వచ్చింది. తక్కువ రకం అసలే కాదు. ఆ చిన్న హోదా వెనక యాభై ఏళ్ల నాటి కథ ఒకటి ఉంది, కింద రాస్తాను. మీకు ఇబ్బందిగా అనిపించిన పులుపు, వగరే ఈ వైన్‌ను నిలబెట్టేవి. మీరు దాన్ని మరీ చల్లగా, గాలి తగలనివ్వకుండా, తిండి లేకుండా తాగారు, అంతే. రెండో బాటిల్‌ను సరైన చోట దాచగలిగితే ఇంకో నాలుగైదేళ్లు కదపకండి. దాచే వీలు లేకపోతే, తాగేరోజు రెండు గంటల ముందు డికాంటర్‌లో (వైన్‌కు గాలి తగలడానికి వాడే వెడల్పాటి గాజు కూజా) పోసి, 17 డిగ్రీల దగ్గర, మాంసంతోనో బాగా మాగిన చీజ్‌తోనో తాగండి.

ఇప్పుడు కారణాలు. నేను ఫ్లారెన్స్‌లో రెస్టారెంట్లలో వైన్ సర్వీస్ చూసే పని చాలాకాలం చేశాను. ఈ వైన్ గురించి మీరు అడిగిన ప్రశ్నలే టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లు నన్ను అడిగేవాళ్లు. ఎక్కువమంది పేరు విని తెప్పించుకుంటారు. పేరున్న రెడ్ వైన్ అంటే తియ్యగా, మెత్తగా, చిక్కగా ఉంటుందని ఎదురుచూస్తారు. మొదటి గుక్కకే మొహం ముడుచుకుంటుంది. తప్పు వాళ్లది కాదు. ఇందులో ఏ ద్రాక్ష ఉందో ఎవరూ ముందు చెప్పకపోవడం వల్ల వచ్చే చిక్కు అది.

టిన్యానెల్లో మూడు ద్రాక్షల కలయిక. దాదాపు 80 శాతం సాంజోవేసే, 15 శాతం కాబెర్నే సోవిన్యోన్, 5 శాతం కాబెర్నే ఫ్రాంక్. ఏడాదిని బట్టి కాస్త అటూఇటూ అయినా 1982 నుంచీ కూర్పు ఇదే. అంటే మీ గ్లాసులో అయిదింట నాలుగు వంతులు సాంజోవేసే. టస్కనీ మొత్తానికి ప్రధానమైన నల్ల ద్రాక్ష అది. దాని స్వభావమే పులుపు ఎక్కువ, వగరు ఎక్కువ, రంగు తక్కువ. సాంజోవేసే ఒక్కదాంతో చేసిన వైన్ ఉన్న గ్లాసును తెల్ల కాగితం మీద వంచి చూస్తే అంచు దగ్గర వెనకున్న వేళ్లు కనిపిస్తాయి. అందుకే కాబెర్నే సోవిన్యోన్ కలుపుతారు. అది రంగుకు ముదురుదనం, నోట్లో నిండుదనం, నల్ల పండ్ల వాసన తెస్తుంది. కాబెర్నే ఫ్రాంక్ వంతు చిన్నదే గాని, గ్లాసులోంచి పైకి వచ్చే పూల వాసన, పచ్చి ఆకు వాసన చాలావరకు దానివే.

కాబట్టి తాగేటప్పుడు నా సలహా: వాసన దగ్గర ఆగిపోకండి. కొత్తవాళ్లు ముక్కుతో మొదలుపెట్టి, వెనీలా తగలగానే "ఓహో, ఇది చెక్క వైన్" అని తీర్పు చెప్పేస్తారు. ముందు నోట్లో పులుపు ఎక్కడ మొదలై ఎంతసేపు ఉంటుందో చూడండి. చిన్న గుక్క తీసుకుని, నోరంతా తిప్పి, మింగాక నోరు కాస్త తెరిచి ఆగండి. నాలుక పక్కల నుంచి నీళ్లు ఊరడం మొదలవుతుంది. అది సాంజోవేసే పులుపు. తర్వాత పైపెదవి వెనక, చిగుళ్ల మీద నాలుక ఆడించి చూడండి, గరుకుగా, పొడిపొడిగా ఉంటుంది. అది టానిన్, అంటే వగరు. డికాక్షన్ ఎక్కువసేపు మరిగించి పాలు పోయకుండా తాగిన టీ ఎలా నోరు పట్టేస్తుందో అదే ఇది. మంచి టిన్యానెల్లోలో ఈ రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చి, పండు రుచి వాటి మధ్యలోంచి సాగుతూ పోతుంది. ముందు ఎర్ర చెర్రీ, తర్వాత నల్ల చెర్రీ, కాస్త ఆగితే ఎండు ఆకులు, పొగాకు, తోలు. మింగిన తర్వాత నోట్లో మిగిలేది చెక్క రుచి అయితే ఆ ఏడాదిదో, ఆ బాటిల్‌దో తూకం తప్పిందని అనుకోవచ్చు. పండు, పులుపు మిగిలితే వైన్ బాగున్నట్టే. ఈసారి తాగేటప్పుడు దీన్నే గమనించండి.

చల్లదనం సంగతి. ఫ్రిజ్‌లోంచి తీసిన వైన్ నాలుగైదు డిగ్రీల్లో ఉంటుంది. ఆ చల్లదనంలో వాసనలు పైకి లేవవు, పండు అణిగిపోతుంది, వగరు మాత్రం రెట్టింపు గరుకుగా తగులుతుంది. 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఇదే వైన్ మెత్తబడుతుంది. అలాగని 'రెడ్ వైన్ గది వేడిలో తాగాలి' అన్న మాట పట్టుకుని 26, 27 డిగ్రీల్లో పోసుకుంటే ఇంకో అవస్థ. 14 శాతం చుట్టూ ఉండే ఆల్కహాల్ ముందుగా ముక్కుకెక్కుతుంది, పండు ఉడికినట్టు అనిపిస్తుంది. ఫ్రిజ్‌లో అరగంట పెట్టి తీసినా చాలు. థర్మామీటర్ అక్కర్లేదు, బాటిల్ చేత్తో పట్టుకుంటే చల్లగా తెలియాలి, జిల్లుమనకూడదు.

ఇక ఓక్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ అనుమానమంతా దానిమీదే.

ఈ వైన్ 12 నుంచి 16 నెలలు చిన్న ఓక్ పీపాల్లో ఉంటుంది. బారీక్ అంటారు, 225 లీటర్లు పడుతుంది, అంటే ఒక్కో పీపాలో మూడు వందల బాటిళ్ల వైన్. ఫ్రెంచ్ ఓక్ ఎక్కువ, కొంత హంగేరియన్ ఓక్. కొన్ని పీపాలు కొత్తవి, కొన్ని అప్పటికే ఒకసారి వాడినవి. పీపా చిన్నదయ్యేకొద్దీ లోపలి వైన్‌కు చెక్క ఎక్కువ తగులుతుంది. టస్కనీలో అంతకుముందు వాడినవి వేల లీటర్లు పట్టే పెద్ద పీపాలు. స్లవోనియా (క్రొయేషియా) ఓక్‌వి, చెస్ట్‌నట్ చెక్కవి ఏళ్ల తరబడి వాడేవాళ్లు. వాటి నుంచి వైన్‌కు చెక్క వాసన దాదాపు రాదు.

వెనీలా ఎలా వస్తుందంటే: పీపా చేసేటప్పుడు చెక్క పలకలను నిలబెట్టి, మధ్యలో నిప్పు పెట్టి, వేడికి మెత్తబడ్డాక వంచి, ఇనుప కట్లు బిగిస్తారు. ఆ తర్వాత లోపలి వైపు కావలసినంత కాలుస్తారు. ఆ వేడికి చెక్కలోని లిగ్నిన్ విడిపోయి వెనిలిన్ పుడుతుంది. వెనీలా కాయలో ఉండే వాసన పదార్థమే అది. లవంగంలో ఉండే యూజినాల్ కూడా ఓక్‌లో ఉంటుంది. ఇంకా కాలిస్తే పొగ వాసన, కాఫీ గింజల వాసన. చెక్కలోని చక్కెరలు మాడి కారమెల్ వాసన. కొబ్బరిని గుర్తుచేసే వాసన కూడా ఒకటుంది, అది అమెరికన్ ఓక్‌లో బాగా ఎక్కువ, ఫ్రెంచ్‌లో తక్కువ. కాబట్టి మీకు తగిలిన వెనీలాను ఎవరూ సీసాలోంచి పోయలేదు. అది చెక్కలోంచి వచ్చింది.

కానీ వాసన కోసమే పీపాలో పెడతారనుకుంటే పొరపాటు. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన పని ఇంకోటి ఉంది. చెక్కలోంచి, పలకల సందుల్లోంచి చాలా కొద్దికొద్దిగా గాలి లోపలికి పోతుంది. ఆ గాలితో వైన్‌లోని టానిన్లు, రంగు పదార్థాలు ఒకదానితో ఒకటి ముడిపడతాయి. రంగు నిలబడుతుంది, వగరులో గరుకుదనం తగ్గుతుంది. రంగు తక్కువ, వగరు ఎక్కువ ఉన్న సాంజోవేసేకి ఇది ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. వాసన ఆ పనిలో పనిగా వచ్చేది. 2019 బాటిల్‌లో అది ఇంకా పైపైనే ఉంది, పండుతో కలవలేదు. కలవడానికి బాటిల్‌లో ఏళ్లు పట్టాలి.

చెక్క వాసనను విడిగా గుర్తుపట్టడానికి ఒక పద్ధతి ఉంది, మేం కొత్తగా పనిలో చేరినవాళ్లకు ఇదే నేర్పేవాళ్లం. గ్లాసులో కాస్త వైన్ పోసి, తిప్పి, తాగేయండి. ఖాళీ గ్లాసును కడక్కుండా పావుగంట పక్కన పెట్టి, అప్పుడు వాసన చూడండి. ఆల్కహాల్ ఎగిరిపోయి ఉంటుంది, పండు కూడా చాలావరకు పోతుంది. అడుగున మిగిలేది ఎక్కువగా ఓక్: వెనీలా, కాల్చిన రొట్టె, లవంగం. ఆ వాసన ముక్కులో ఉండగానే రెండో గ్లాసులో కొత్తగా పోసుకున్న వైన్ వాసన చూస్తే, ఏది పీపాది, ఏది ద్రాక్షది అన్నది విడివిడిగా తెలిసిపోతుంది. చౌక వైన్లలో ఈ పరీక్ష ఇంకా బాగా పట్టిస్తుంది. కొన్ని దేశాల్లో పీపాకు బదులు స్టీల్ ట్యాంకులో ఓక్ చెక్కముక్కలు వేసి నానబెడతారు, అది చట్టబద్ధమే. అలాంటి వైన్‌లో ముక్కుకు వెనీలా బాగా తగులుతుంది గాని నోట్లో ఆ మెత్తదనం కనబడదు.

డికాంటర్ గురించి రెండు మాటలు. రెస్టారెంట్‌లో ఎవరైనా కుర్ర టిన్యానెల్లో అడిగితే, వాళ్లు మెనూ చూస్తుండగానే కార్క్ తీసి డికాంటర్‌లో పోసి పక్కన పెట్టేదాన్ని. ముందు వేరే తేలికైన వైన్ ఇచ్చి, మాంసం వచ్చాకే దీన్ని పోసేదాన్ని. ఒక జంట మాత్రం ఆగలేక ఒక గుక్క ముందే అడిగారు. తాగి, ఆవిడ గ్లాసు పక్కకు జరిపేశారు, మీరు చెప్పిన మాటే చెప్పారు, పుల్లగా ఉందని. బిస్తెక్కా, అంటే ఫ్లారెన్స్ వాళ్లు నిప్పుల మీద కాల్చే మందపాటి బీఫ్ ముక్క, వచ్చాక అదే గ్లాసు మళ్లీ అందుకున్నారు. మాంసంలోని ప్రొటీన్, కొవ్వు టానిన్‌ను పట్టుకుంటాయి, ఉప్పు పులుపును దించుతుంది. అప్పటిదాకా వగరు కింద అణిగి ఉన్న పండు రుచి బయటికి వస్తుంది. ఆ రాత్రి వాళ్లు ఇంకో వైన్ అడగలేదు. మాంసం తినకపోతే బాగా మాగిన పెకొరీనో (గొర్రెపాల) చీజ్, లేదా పుట్టగొడుగులు, టమాటా ఉన్న వంటలు. టమాటా పులుపుకు సాంజోవేసే పులుపు బాగా సరిపోతుంది. చేపలతో వద్దు, నోట్లో లోహం రుచి వస్తుంది. కారం బాగా ఉన్న వంటలతో కూడా వద్దు, వగరు మంటను పెంచుతుంది.

గ్లాసు పెద్దదిగా ఉండాలి, మూడో వంతుకు మించి పోయకూడదు. అంతకంటే గ్లాసుల గురించి చెప్పడానికేం లేదు.

ఇప్పుడు లేబుల్ మీద కియాంటి క్లాసికో ఎందుకు లేదో చూద్దాం. నాకు ఈ వైన్ అంటే అభిమానం ఉండటానికి సగం కారణం ఈ కథే.

దీన్ని చేసేది అంతినోరి కుటుంబం. 1385లో జోవాన్ని ది పియెరో అంతినోరి ఫ్లారెన్స్ వైన్ వర్తకుల సంఘంలో చేరినప్పటి నుంచి ఆ కుటుంబం ఈ వ్యాపారంలో ఉంది. ఫ్లారెన్స్ నడిబొడ్డున ఉన్న వాళ్ల భవనం, పలాత్సో అంతినోరి, 1506లో కొన్నది. 1966లో వ్యాపారం పియెరో అంతినోరి చేతికి వచ్చింది. అప్పటికి ఆయనకు ముప్పై కూడా నిండలేదు. అప్పుడు కియాంటి పరిస్థితి బాగాలేదు. గడ్డి అల్లిన బొద్దు బుడ్డీల్లో అమ్మే చౌక వైన్ అన్న పేరు పడిపోయింది.

దానికి నిబంధనలు కూడా ఒక కారణం. 1967లో వచ్చిన కియాంటి డీఓసీ (ప్రాంతం పేరు వాడుకోవడానికి చట్టం ఇచ్చే హోదా) నిబంధనల ప్రకారం ఎర్ర వైన్‌లో 10 నుంచి 30 శాతం తెల్ల ద్రాక్ష, అంటే ట్రెబ్బియానో, మాల్వాజియా, కలిపి తీరాలి. ఎర్ర వైన్‌లో తెల్ల ద్రాక్ష ఏంటని మీకు అనిపించవచ్చు. దీని మూలం 1872లో బెత్తీనో రికాసోలి పీసా విశ్వవిద్యాలయ ప్రొఫెసర్‌కు రాసిన ఉత్తరంలో ఉంది. రికాసోలి ఇటలీకి ప్రధానిగా చేసినవాడు, కియాంటిలో బ్రోలియో కోట యజమాని. సాంజోవేసే వాసనకూ బలానికీ, కనాయోలో అనే ఇంకో నల్ల ద్రాక్ష మెత్తదనానికీ, మాల్వాజియా వైన్‌ను తేలిక చేయడానికీ అని ఆయన కూర్పు చెప్పాడు. కానీ అదే ఉత్తరంలో, దాచి ఉంచే వైన్‌కు మాల్వాజియా అంతగా అవసరం లేదని కూడా రాశాడు. నిబంధనలు రాసినవాళ్లు మొదటి సగం పట్టుకుని, రెండో సగం వదిలేశారు. పైగా మాల్వాజియాకు తోడు ట్రెబ్బియానో వచ్చి చేరింది. అది విపరీతంగా కాస్తుంది, రుచి పలుచన. అసలే రంగు తక్కువైన సాంజోవేసేకి అది కలిపితే మిగిలేది ఏముంది?

అంతినోరి దగ్గర అప్పుడు జాకొమో తాకిస్ అనే వైన్ నిపుణుడు పనిచేసేవాడు. ఇటలీ వైన్ చరిత్రలో ఆయనంత ప్రభావం చూపినవాళ్లు తక్కువ. 2016లో చనిపోయాడు. ఫ్రాన్స్‌లోని బోర్డోలో పాఠాలు చెప్పే ఎమిల్ పెయ్నో సలహాలు కూడా వీళ్లకు అందాయి. 1970 పంటను మొదటిసారి టిన్యానెల్లో తోట పేరుతో విడిగా చేశారు. అప్పటికి అది కియాంటి క్లాసికో రిజెర్వానే (ఎక్కువకాలం మాగబెట్టిన రకం), అందులో కనాయోలో, కాస్త తెల్ల ద్రాక్ష కూడా ఉన్నాయి, కానీ చిన్న ఓక్ పీపాల్లో పెట్టారు. 1971 పంట నుంచి కియాంటి పేరు వదిలేసి మామూలు టేబుల్ వైన్‌గా అమ్మారు. పేరున్న తోట నుంచి వచ్చిన మంచి వైన్‌ను అన్నిటికంటే కింది తరగతిలో పెట్టుకోవడం అంటే, రుచి కోసం హోదా వదులుకోవడమే. 1975 పంటకు తెల్ల ద్రాక్ష పూర్తిగా పోయింది. కాబెర్నే చేరిక కూడా ఆ దశాబ్దపు మాటే. సాంజోవేసేను చిన్న పీపాల్లో మాగబెట్టడం, దానికి స్థానికం కాని ద్రాక్ష కలపడం, తెల్ల ద్రాక్ష మానేయడం, మూడూ అప్పటి కియాంటిలో సాహసాలే.

వీళ్లకు ధైర్యం ఇచ్చిన ఉదాహరణ ఒకటి సముద్రతీరంలో ఉంది. బోల్గెరిలో మారియో ఇంచీజా దెల్లా రొక్కెత్తా, పియెరోకు తల్లి వైపు బంధువు, ఇంటివాడకానికి కాబెర్నేతో వైన్ చేసుకునేవాడు. అదే సస్సికాయా. 1968 పంటతో అమ్మకానికి వచ్చింది, దాని వెనక కూడా తాకిస్ చెయ్యి ఉంది. ఇలాంటి వైన్లన్నిటినీ కలిపి తర్వాత సూపర్ టస్కన్ అనడం మొదలుపెట్టారు. అది చట్టంలో ఎక్కడా లేని పేరు.

చివరికి నిబంధనలే వీళ్ల దారికి వచ్చాయి. 1992లో కొత్త చట్టంతో ఐజీటీ అనే తరగతి వచ్చింది, టేబుల్ వైన్లుగా ఉన్న సూపర్ టస్కన్‌లు చాలావరకు అందులోకి మారాయి. మీ లేబుల్ మీద ఉన్నది అదే. 2006 పంట నుంచి కియాంటి క్లాసికోలో తెల్ల ద్రాక్ష పూర్తిగా నిషేధం. ఇప్పుడు సాంజోవేసే కనీసం 80 శాతం ఉండాలి, మిగతా 20 శాతంలో కాబెర్నే కూడా కలుపుకోవచ్చు. అంటే టిన్యానెల్లో కూర్పు ఈనాటి కియాంటి క్లాసికో నిబంధనల్లో ఇమిడిపోతుంది. అయినా వాళ్లు తోస్కానా ఐజీటీ గానే ఉంచారు. కాబట్టి ఐజీటీ అని చూసి నాణ్యత అంచనా వేయకండి. ఆ మూడు అక్షరాల కింద సూపర్ మార్కెట్ వైన్ కూడా ఉంటుంది, ఇది కూడా ఉంటుంది. అక్కడ చూడాల్సింది తయారీదారు పేరు, తోట పేరు.

తోట ఫ్లారెన్స్‌కు దక్షిణాన, గ్రేవె, పేజా నదుల లోయల మధ్య, కియాంటి క్లాసికో ప్రాంతంలోనే ఉంది. 57 హెక్టార్లు, నైరుతి వాలు, సముద్రమట్టానికి 350 నుంచి 400 మీటర్ల ఎత్తు. ఆ ఎత్తులో పగలు ఎండ బాగా ఉన్నా రాత్రి చల్లబడుతుంది, అందుకే పండు పండినా పులుపు మిగులుతుంది. నేల నిండా అల్బెరేజే అనే తెల్లటి సున్నపురాయి, గలెస్త్రో అనే పెళుసు రాయి. తోటను మళ్లీ నాటినప్పుడు ఆ తెల్ల రాళ్లను తవ్వి, నలగ్గొట్టి, తీగల కింద పరిచారు. ఎండాకాలం అక్కడ నడిస్తే కింది నుంచి కూడా వెలుతురు కళ్లలో పడుతుంది. గుత్తులకు కింది వైపు నుంచి వెలుగు, వేడి అందాలనే అలా చేశారు.

ఏడాది బాగాలేకపోతే వీళ్లు టిన్యానెల్లో చేయరు. 1972, 73, 74, 76, 84, 92, 2002 సంవత్సరాల్లో ఈ వైన్ లేదు. 2002 బాటిల్ అని ఎవరైనా అమ్మజూపితే అది నకిలీ అని చెప్పడానికి వేరే రుజువు అక్కర్లేదు. ఇదే కొండ మీద పక్కనే ఉన్న తోట నుంచి సొలాయా వస్తుంది. దాంట్లో తూకం తిరగబడి, కాబెర్నే సోవిన్యోన్ ముప్పావు వంతు, సాంజోవేసే అయిదో వంతు. ధర ఇంకా బాగా ఎక్కువ. నాకు మాత్రం టిన్యానెల్లోనే ఇష్టం, కాబెర్నే మంచివి చాలా దేశాల్లో దొరుకుతాయి, ఈ పులుపు టస్కనీలో తప్ప దొరకదు. డబ్బు అంత పెట్టలేనివాళ్లు ఇదే ఎస్టేట్ నుంచి వచ్చే మార్కేజే అంతినోరి కియాంటి క్లాసికో రిజెర్వా చూడండి. పోలికలు తెలుస్తాయి.

మీరు ఎప్పుడైనా వెళ్తే ఒక గమనిక. సందర్శకులందరికీ తెరిచి ఉండేది బార్జీనోలోని పెద్ద వైనరీ. కొండను తొలిచి లోపల కట్టి, పైన మళ్లీ ద్రాక్షతోట నాటారు. చూడాల్సిన కట్టడమే. కానీ టిన్యానెల్లో తయారయ్యేది అక్కడ కాదు, దాని సొంత ఎస్టేట్‌లో.

ఇక రెండో బాటిల్. 2019 టస్కనీకి మంచి ఏడాది, పండుదనం, పులుపు రెండూ ఉన్నాయి. ఇలాంటి ఏడాది వైన్ పదేళ్ల వయసు నుంచి బాగా తెరుచుకుంటుంది, ఇరవై ఏళ్లు హాయిగా ఉంటుంది. తొంభైల నాటి బాటిళ్లు సర్వీస్‌లో తెరిచినప్పుడు గమనించాను, అంచు దగ్గర ఇటుక రంగు, ఎండిన గులాబీ రేకుల వాసన, పొగాకు, తడి ఆకులు. వెనీలా ఎక్కడుందో వెతుక్కోవాలి. వగరు ఉంటుంది గాని చిగుళ్లను గీరదు. అలాంటి పాత బాటిల్ అయితే డికాంటర్‌లో గంటలు ఉంచకూడదు. ముందురోజు నిలబెట్టి మడ్డి కిందికి దిగనిచ్చి, పోసిన వెంటనే తాగడం మొదలుపెట్టాలి.

నిజంగా చెడిపోయిన బాటిల్ ఎలా ఉంటుందో కూడా చెప్పేస్తాను, ఇకముందు టెన్షన్ ఉండదు. తడిసిన అట్టపెట్టె వాసన, పండు వాసన మొత్తం మాయమవడం కార్క్ దోషం. ఎంతసేపు గాలి తగిలినా పోదు, పైగా ఇంకా ఎక్కువవుతుంది. నెయిల్ పాలిష్ వాసన, వెనిగర్ ఘాటు ఇంకో దోషం. కార్క్ పైకి పొడుచుకొచ్చి, రేకు కింద జిగటగా కారి ఉంటే వేడికి దెబ్బతిన్నట్టు. మీరు రాసినదాంట్లో ఇవేవీ లేవు.

దాచడానికి 12 నుంచి 15 డిగ్రీల మధ్య నిలకడగా ఉండే చీకటి చోటు కావాలి, బాటిల్ పడుకోబెట్టి ఉంచాలి. వంటింటి ఫ్రిజ్ నెలల తరబడికి పనికిరాదు, పొడిగాలికి కార్క్ ఎండిపోతుంది, కంప్రెసర్ అదురు కూడా మంచిది కాదు. వైన్ కోసం చేసిన చిన్న ఫ్రిజ్ ఉంటే అందులో పెట్టండి. అది లేక, బీరువాలోనో అటక మీదో వేసవి గడపాల్సి వస్తే మాత్రం నాలుగైదేళ్లు అన్న నా మాట మరచిపోండి. ఈ సంవత్సరమే ఒక చల్లటి రోజు చూసుకుని, ముందు మాంసం పొయ్యి మీద పెట్టి, అప్పుడు కార్క్ తీయండి.